బోడిగుండు దగ్గర ఎనిమిది బారలు

ఓడరేవు ఆఫీసులో ఆమె అసలు పేరు హాజరు పట్టీలో తప్ప ఇంకెక్కడా కనపడేది కాదు. గుమాస్తాలు మొదలుకొని ఓడల కెప్టెన్ల దాకా అందరికీ ఆవిడ లోతులక్క.

ఆమె పని సముద్రం లోతు కొలవడం. బారకొక ముడి, అంటే చాచిన రెండు చేతుల పొడవుకొక ముడి వేసిన తాడు, తాడు చివర సీసపు గుండు, గుండు అడుగున బొటనవేలు పట్టేంత గుంట. ఆ గుంటలో కొవ్వు మెత్తి గుండును నీళ్ళలోకి విసిరితే, తాడు ఎన్ని బారల లోతో చెబుతుంది. కొవ్వుకు అంటుకున్నది చూస్తే అడుగున ఏముందో తెలుస్తుంది. ఇసుకైతే ఇసుక, బురదైతే బురద. ఏమీ అంటుకోకుండా ఉత్త కొవ్వు పైకి వచ్చిందంటే కింద రాయి ఉన్నట్టు.

తండ్రి ముప్ఫై ఏళ్ళు అదే పని చేశాడు. ఆయన పోయాక ఆ ఉద్యోగం కూతురికిచ్చారు. అప్పటికి ఆమెకు ఇరవై రెండేళ్ళు. “ఆడపిల్ల పడవ అంచున నిలబడి గుండు విసురుతుందా!” అని నవ్వినవాళ్ళు నవ్వారు. మొదటి వారం ఆమె అరచేతులు బొబ్బలెక్కాయి. రెండో వారానికి, నవ్వినవాళ్ళే పక్కన కూర్చుని ఆమె చెప్పిన అంకెలు బుద్ధిగా రాసుకున్నారు.

తర్వాత మిషన్లు వచ్చాయి. పడవ అడుగున డబ్బా బిగిస్తే చాలు, అదే కూతపెట్టి అదే లోతు చెబుతుంది. లోతులక్కకు ఆటుపోట్ల కొలబద్ద చూసి రాసే పని, రికార్డు గది తాళంచెవి మిగిలాయి. ఆమె బాధపడలేదు. మిషన్ మంచిదేనని ఒప్పుకుంది కూడా. కాకపోతే ఆఫీసు లాంచీ ఎటు వెళ్ళినా, దాన్ని నడిపే సరంగు ఆమె మొగుడే కనక, తానూ ఎక్కి కూర్చుని అక్కడా ఇక్కడా గుండు విసిరి పుస్తకంలో రాసుకునేది. అలవాటు ప్రాణం తీసినా పోదంటారు కదా. అట్లా ముప్ఫై రెండేళ్ళలో నలభై పుస్తకాలు నిండాయి.

ఆమెకు యాభై నాలుగేళ్ళు వచ్చిన ఏడాది, విహార ఓడల కంపెనీ ఒకటి ఆ రేవుకు వచ్చింది. వాళ్ళకొక దీవి కావాలి. తమ ఓడల ప్రయాణికులు ఒక పగలంతా దిగి ఆడుకుని, ఈదుకుని, తిని సాయంత్రానికి మళ్ళీ ఓడెక్కేందుకు, తమకంటూ సొంతంగా ఒక దీవి. రేవుకు ఎదురుగా సముద్రంలో రెండు ఖాళీ దీవులున్నాయి. ఒకటి నెలవంక. పేరుకు తగ్గట్టే వంపు తిరిగిన తెల్లటి ఇసుక, వెనక పచ్చటి చెట్లు. ఫొటో తీస్తే దిష్టి తగిలేంత అందం. రెండోది బోడిగుండు. వెనకటికి రేవు గోడ కట్టడానికి రాయి కొట్టిన దీవి. చెట్టూ చేమా లేదు. సగం కొండను నిలువునా కోసేసి వదిలేశారు. సముద్రం మీద ఎవరో కొరికి పారేసిన బెల్లం ముక్కలా ఉంటుంది.

ఈ రెంటిలో కంపెనీ దేన్ని కోరుకుంటుందో వేరే చెప్పాలా? ఊళ్ళో అప్పుడే నెలవంక పేరుతో ఒక టీకొట్టు వెలిసింది.

మాట్లాడుకోవడానికి రేవు ఆఫీసులో సమావేశం పెట్టారు. రికార్డు గదిలోంచి పాత పటాలు తెచ్చి బల్ల మీద పరచడం లోతులక్క పని. పరిచి, అధికారి వెళ్ళమనలేదు కనక గోడవార కుర్చీలో కూర్చుంది. కంపెనీ తరఫున ఒక పెద్దావిడ వచ్చింది. నెరిసిన జుట్టు పొట్టిగా కత్తిరించుకుంది. తక్కువ మాట్లాడి ఎక్కువ వింటోంది. ఆవిడ పక్కన ఒక ఇంజనీరు. ఉక్కపోతలో కూడా కోటు విప్పలేదు. గోడ మీద నెలవంక బొమ్మలు ఒకదాని తర్వాత ఒకటి వేసి చూపించాడు.

“ఓడ ఇక్కడ లంగరేస్తుంది. ప్రయాణికులు చిన్న పడవల్లోకి దిగి ఒడ్డుకు వస్తారు. రోజుకు రెండు వేల మంది. సీజన్ మొత్తం చలికాలం నాలుగు నెలలు” అన్నాడు.

ఆ మాట వినగానే లోతులక్క నోరు ఊరుకోలేదు.

“చలికాలమా అండీ? అప్పుడు ఉత్తరపు గాలి కదా. నెలవంక నోరు ఉత్తరానికే తెరుచుకుని ఉంటుంది. ఓడ పక్కన పడవ నిలవదండీ.”

గదిలో తలలన్నీ గోడవైపు తిరిగాయి. రేవు అధికారి కళ్ళతోనే కూర్చోమన్నాడు. ఆమె కూర్చునే ఉంది కనక ఆ చూపు వృథా అయింది.

ఇంజనీరు మర్యాదగానే జవాబిచ్చాడు. “మేం చూశామమ్మా. ఆ నాలుగు నెలల్లో సగటు అల ఎత్తు చాలా తక్కువ.”

“సగటంటే ఎట్లాగండీ? ఇంట్లో ఒకరు జ్వరంతో కాలిపోతూ, ఇంకొకరు చలితో వణికిపోతూ ఉంటే, సగటున ఇద్దరూ ఆరోగ్యంగా ఉన్నట్టా?”

గుమాస్తా ఒకడు కిసుక్కున నవ్వి, దగ్గుగా మార్చుకున్నాడు. కంపెనీ పెద్దావిడ కళ్ళజోడు తీసింది.

“అయితే ఎక్కడ పెట్టాలంటారు?”

“బోడిగుండు దగ్గరండీ.”

ఈసారి ఎవరూ దగ్గుగా మార్చుకోలేదు, బాహాటంగానే నవ్వారు. ఆ నవ్వు అయ్యేదాకా ఆగి లోతులక్క చెప్పింది. “కొండను కోసిన పక్క దక్షిణానికుంది. ఉత్తరపు గాలికి కొండే అడ్డం. ఆ కోత నీళ్ళలోపల కూడా నిలువుగానే దిగుతుంది. గోడకు ఆనుకుని ఎనిమిది బారల లోతు, ఆటు పూర్తిగా తీసినప్పుడు కూడా. మీ ఓడ అడుగు ఎంత దిగుతుంది?”

“నాలుగున్నర బారలు” అన్నాడు ఇంజనీరు లెక్కేసుకుని.

“అయితే మీకు పడవలే అక్కర్లేదు. ఓడను తెచ్చి గట్టుకు కట్టేసుకోవచ్చు. మనుషులు నడిచి దిగుతారు. నెలవంక దగ్గర పగడపు దిబ్బ ఉంది, ఇసుకలో తాబేళ్ళు గుడ్లు పెడతాయి, చేపలు పిల్లల్ని చేసేది ఆ వంపులోనే. మీ లంగరు గొలుసు ఒక్క ఏడాది ఈడిస్తే ఇక్కడ వల వేసేవాళ్ళంతా వలలు ఆరేసుకుని కూర్చోవాల్సిందే. బోడిగుండును పాడుచేయడానికి ఇంకేం మిగల్లేదండీ. చేయాల్సిందంతా మా పెద్దలే చేసేశారు.”

పెద్దావిడ కాసేపు పటం వైపు చూసి అంది. “చెప్పిన మాట చూపించగలరా?”

“గాలి ఉత్తరానికి తిరిగిన రోజు రండి. రెండు చోట్లకూ తీసుకెళ్తాం.”

ఇంటికి వచ్చేసరికి ఆ సంగతి ఆమెకంటే ముందే వచ్చేసింది. సరంగు వాకిట్లో అటూ ఇటూ తిరుగుతున్నాడు.

“ఉన్న ఉద్యోగానికి ఎసరు పెట్టుకుని వచ్చావంట! పెద్దవాళ్ళు మాట్లాడుకుంటుంటే నీకెందుకు మధ్యలో?”

“వాళ్ళు మాట్లాడుకుంటున్నది నా సముద్రం గురించండీ. మరి నేను దేని గురించి మాట్లాడాలి?”

లోపలి గదిలోంచి అత్తగారు కేకేసింది. ఆవిడకు మోకాళ్ళు పనిచేయవు గానీ, చెవులు నాలుగిళ్ళ అవతల గుసగుస కూడా పడతాయి. “ఒరేయ్, దాన్ని లోపలికి రానియ్యి. నిజం చెప్పడానికి కోటేసుకోవాలా ఏంటి? నా కోడలు కొలిచిన లోతు ఎప్పుడైనా తప్పిందా?”

ఆ ప్రశ్న ఆవిడ గర్వంగానే అడిగింది. కానీ అది లోతులక్కకు ముల్లులా గుచ్చుకుంది. అన్నం ముందు కూర్చుని కూడా కలుపుతూనే ఉంది తప్ప ముద్ద ఎత్తలేదు. తర్వాత వెళ్ళి పుస్తకాలు తీసింది. బోడిగుండు గోడ వెంట ఆమె ఆఖరిసారి వరసగా కొలిచి పన్నెండేళ్ళు దాటింది. అప్పుడు ఎనిమిది బారలే. మరి ఇప్పుడు? పన్నెండు వర్షాకాలాలు వచ్చిపోయాయి. కోసి వదిలేసిన కొండ. పై నుంచి ఒక్క బండ జారినా చాలు.

“ఆదివారం లాంచీ కావాలి” అంది మొగుడితో.

“అధికారిని అడగాలి కదా.”

“మీరే అడగండి. నేనడిగితే ఇవ్వడు.”

సరంగు గొణిగాడు, తిట్టుకున్నాడు, శనివారం వెళ్ళి అడిగాడు. అధికారి, “కొలుచుకోనీ, రేపు అందరి ముందూ నా పరువు తీయకుండా ఉంటే చాలు” అన్నాడట.

ఆదివారం పొద్దున్నే ఇద్దరే వెళ్ళారు. సరంగు గోడ వెంట లాంచీని అంగుళం అంగుళం నడిపాడు. ఎంత విసుక్కున్నా, చుక్కాని పట్టుకున్నాక అతనిలాంటి పనివాడు ఆ తీరంలో లేడు. లోతులక్క కొంగు నడుముకు బిగించి గుండు విసురుతూ పోయింది. ఎనిమిది. ఎనిమిది. ఎనిమిదిన్నర. కొవ్వుకు రాతిపొడి. ఎనిమిది. ఆమె ముఖంలో వెలుగు వచ్చింది. పాట కూడా అందుకోబోయింది.

అంతలో తాడు మధ్యలోనే వదులైపోయింది.

ముడులు లెక్కపెట్టింది. మూడు. మళ్ళీ విసిరింది. మూడే. గుండు పైకి తీస్తే కొవ్వు శుభ్రంగా ఉంది, అంచున చిన్న నొక్కు మాత్రం పడింది. కింద రాయి ఉంది. జారిన బండ, దాని పై కొస మంచం కంటే కొంచెం పెద్దది. అటు రెండు బారల దూరం జరిగితే ఎనిమిది, ఇటు జరిగితే ఎనిమిది. మధ్యలో అది మాత్రం నీళ్ళలో కత్తిలా నిలబడి ఉంది. నాలుగున్నర బారలు దిగే ఓడ దాని మీదికి వస్తే ఇంకేమైనా ఉందా?

లోతులక్క తాడు ఒళ్ళో పెట్టుకుని కూర్చుండిపోయింది.

సరంగు ఇంజను ఆపి పక్కన వచ్చి కూర్చున్నాడు. మెల్లగా అన్నాడు. “చెప్పకు. ఒక్క రాయే కదా. వాళ్ళకు మిషన్లున్నాయి, ఉంటే అవే చూసుకుంటాయి. నువ్వే వెళ్ళి చెప్పావనుకో, ‘చూశారా, ఈవిడ దీవి సంగతి’ అని నెలవంకకే పోతారు.”

అతని మాటలో స్వార్థం లేదని ఆమెకు తెలుసు. అందరి ముందూ నవ్వులపాలైన భార్య మళ్ళీ నవ్వులపాలు కాకూడదని అతని ఆరాటం.

“మిషన్ చూడకపోతే?” అంది.

అతను బండ ఉన్న చోట నీళ్ళకేసి చూశాడు.

“మా నాన్న ఒకటే చెప్పేవాడండీ. మనం రాసిన అంకె నమ్మి ఎవరో తెలియనివాళ్ళు నిద్రపోతారు, మెలకువ మన బాధ్యత అని. ఎనిమిది రాసినదాన్ని నేనే. మూడు రాయాల్సిందీ నేనే.”

పుస్తకం తెరిచి, గోడ మొదలు నుంచి ఎన్ని బారల దూరమో కొలిచి, మూడు అని రాసి చుట్టూ గుండ్రంగా గీసింది. సరంగు ఇంజను తిప్పుతూ, “నిన్ను కట్టుకున్నాక నాకు సుఖంగా అబద్ధమాడే యోగం లేకుండా పోయింది” అన్నాడు. ఆమె నవ్వింది. అతనూ నవ్వాడు.

పది రోజులకు గాలి తిరిగింది. కంపెనీ పెద్దావిడ మాట తప్పలేదు. ఇంజనీరుతో, రేవు అధికారితో కలిసి వచ్చింది. ముందు కంపెనీ సర్వే నావ, దాని వెనక సరంగు లాంచీ.

నెలవంక ముందు ఆగారు. చూడ్డానికి సముద్రం పెద్ద ఉగ్రంగా కూడా లేదు. కానీ వంపు రెండు కొనల్నీ చుట్టుకుని వచ్చే అలలు మధ్యలో ఒకదాన్నొకటి ఢీకొని, నావనొక తీరుగా, లాంచీనొక తీరుగా ఎత్తి పడేస్తున్నాయి. నావ పైకి లేచినప్పుడు లాంచీ కిందికి, లాంచీ లేచినప్పుడు నావ కిందికి. పెద్దావిడ నావ నిచ్చెన పట్టుకుని లాంచీలోకి దిగబోయి మూడుసార్లు కాలు చాపి మూడుసార్లు వెనక్కు తీసుకుంది. చివరికి సరంగు చెయ్యి పట్టి లాగితే గానీ దిగలేకపోయింది. ఇంజనీరు దిగాడు గానీ, దిగిన మరుక్షణం లాంచీ అంచు పట్టుకుని పొద్దున తిన్నదంతా సముద్రానికి సమర్పించుకున్నాడు. ఆ రోజు మాత్రం కోటు విప్పేశాడు.

“ఇది మధ్యరకం గాలేనండీ” అంది లోతులక్క నెమ్మదిగా. “ఇంతకంటే గట్టివి నాలుగు నెలల్లో నలభై రోజులు వస్తాయి.” పుస్తకాలు సంచీలోనే ఉన్నాయి. తీయాల్సిన అవసరం రాలేదు.

అక్కడి నుంచి బోడిగుండు దక్షిణానికి తిప్పారు. కొండ మాటుకు రాగానే ఎవరో తలుపు మూసినట్టు గాలి ఆగిపోయింది. లాంచీ కదలడం మానేసింది. సరంగు ఫ్లాస్కులోంచి టీ పోసి, గ్లాసును అంచుదాకా నింపి ఇంజను పెట్టె మీద పెట్టాడు. అందరూ ఆ గ్లాసునే చూస్తూ ఉండిపోయారు. ఒక్క చుక్క ఒలకలేదు. రేవు అధికారి, పదిహేనేళ్ళుగా ఈ రేవులో ఉన్నవాడు, “ఇదెప్పుడూ గమనించలేదే” అన్నాడు.

పాత రాతి మెట్లెక్కి పైకి వెళ్ళారు. కొండను కోసిన చోట పెద్ద గుంట, అందులో ఏళ్ళ తరబడి నిండిన వాననీళ్ళు. ఆకుపచ్చా నీలమూ కలిసిన రంగులో అడుగుదాకా కనిపిస్తున్నాయి. చుట్టూ రాయి మెట్లు మెట్లుగా తెగి, కూర్చోవడానికి పేర్చినట్టుంది. పెద్దావిడ చెప్పులు విప్పి పై మెట్టు మీద కూర్చుని కాళ్ళు నీళ్ళలో పెట్టింది.

“పిల్లలు ఇక్కడ భయం లేకుండా ఈదొచ్చు” అంది తనలో తాను అనుకుంటున్నట్టు. తర్వాత తలెత్తి, “కానీ, ఆ ఇసుక, ఆ చెట్లు... అంత అందం ఇక్కడ లేదు కదమ్మా?”

లోతులక్క శిఖరం మీదికి తీసుకెళ్ళి చూపించింది. అక్కడి నుంచి నెలవంక మొత్తం కనిపిస్తోంది, పచ్చటి అంచు, తెల్లటి వంపు, చుట్టూ విరుగుతున్న నురగ.

“అందాన్ని చూడాలంటే దాని మీదెక్కి నిలబడాలా అండీ?”

పెద్దావిడ చాలాసేపు చూసింది. ఇంక దిగుదామనుకుంటుండగా లోతులక్క, “ఒక్క మాట మిగిలింది” అంది. సరంగు కళ్ళు మూసుకున్నాడు.

వాళ్ళను లాంచీలో ఆ చోటికి తీసుకెళ్ళి, అందరి ముందూ గుండు విసిరింది. “మూడు బారలు. బండ జారింది. ఆ రోజు సమావేశంలో ఎనిమిది అన్నాను, అది పన్నెండేళ్ళ కిందటి మాట. కొలవకుండా చెప్పడం నా తప్పు. మిగతా గోడంతా ఎనిమిదే, ఈ ఒక్కటి తప్ప. తీయించాలి, లేదా ఓడను దీనికి తూర్పుగా కట్టాలి.”

ఇంజనీరు నమ్మలేదు. “మా నావ మొన్ననే ఇటుగా కొలుచుకుంటూ పోయింది. బండేమీ లేదే!” కాగితాలు తీసి చూశాడు. వాళ్ళ మిషన్ గీసిన గీత ఒకటి బండకు అటు పోయింది, ఇంకొకటి ఇటు. మధ్యలో అది హాయిగా దాక్కుంది. మళ్ళీ నావ తెప్పించి సరిగ్గా ఆమె చూపిన చోట కొలిపించాడు. తెర మీద గీత మూడు బారల దగ్గరికి ముల్లులా లేచి నిలబడింది.

ఇంజనీరు ముఖం ఆ రోజు రెండోసారి పాలిపోయింది. ఈసారి అలల వల్ల కాదు. లాంచీలోకి వచ్చి, ఆమె చేతిలోని తాడు తీసుకుని, ముడులు ఒక్కొక్కటీ తడుముతూ అడిగాడు. “ఇది ఎట్లా విసరాలో నాకు చూపిస్తారా?”

“ముందు కొంచెం మజ్జిగ తాగు నాయనా, తర్వాత చూపిస్తా” అంది.

కంపెనీ బోడిగుండునే తీసుకుంది. నిర్ణయం చెప్పిన రోజు పెద్దావిడ రేవు ఆఫీసుకు స్వయంగా వచ్చి, నిండు గదిలో అందరికీ వినపడేలా అంది. “ఆవిడ తన దీవిని పొగిడినందుకు కాదు మేం నమ్మింది. దాని లోపం తానే చూపించినందుకు.” గుమాస్తాలు చప్పట్లు కొట్టారు. రేవు అధికారి అందరికంటే ఎక్కువసేపు కొట్టాడు.

బండను కోసి తీసేయడానికి ఆరు నెలలు పట్టింది. పాత రాతి గట్టును బాగుచేశారు, వాననీటి గుంటకు మెట్లు సరిచేశారు. నెలవంకలో దిగకూడదని ఒప్పందంలో రాసుకున్నారు. వల వేసేవాళ్ళు ఆ మాట విని లోతులక్క ఇంటికి ఎంత చేప పంపారంటే, అత్తగారు వీధంతా పంచి, ప్రతి ఇంటికీ సంగతి మొదటి నుంచి చెప్పి వచ్చింది. మోకాళ్ళ నొప్పి ఆ రోజుకు సెలవు పెట్టింది కాబోలు.

కొత్త సముద్రపటం అచ్చయి వచ్చినప్పుడు లోతులక్క దాన్ని రికార్డు గదిలో బల్ల మీద పరిచి, తలుపు దగ్గరగా వేసి ఒక్కతే చూసుకుంది. బోడిగుండు దక్షిణపు గోడ వెంట వరసగా ఎనిమిదులు. పటం అంచున చిన్న అక్షరాల్లో, ఈ అంకెలు మిషన్‌తోనూ తాడుతోనూ కొలిచినవని రాసి ఉంది. తాడుతో కొలిచిన మనిషి పేరు కూడా ఉంది. హాజరు పట్టీలో ఉన్న ఆ పేరే. చాలాకాలానికి చూసుకున్న ఆ పేరు మీద వేలితో మెల్లగా నిమిరింది.

మొదటి ఓడ వచ్చిన రోజు గట్టు మీద ఆమెకు కుర్చీ వేశారు. ఆమె కూర్చోలేదు. ఓడ నిదానంగా జరుగుతూ వచ్చి, గోడకు ఒదిగి నిలిచింది. తాళ్ళు కట్టారు, వంతెన దించారు. జనం దిగసాగారు, టోపీలు, పిల్లలు, సంచులు, నవ్వులు. వాళ్ళ మధ్య చక్రాల కుర్చీలో ఒక ముసలామె. ఎనభై ఏళ్ళుంటాయి. మనవరాలు కాబోలు వెనక నుంచి తోస్తోంది. కుర్చీ వంతెన మీదుగా సాఫీగా దొర్లుకుంటూ వచ్చి రాతి మీద ఆగింది. ముసలామె రెండు అరచేతులూ కుర్చీ చేతుల మీద ఆనించి, చుట్టూ చూసి, మనవరాలితో అంది. “ఇన్ని ఊళ్ళు తిరిగాం, ఎక్కడా నన్ను దించలేదు కదే. పడవెక్కలేనని ఓడలోనే కూర్చోబెట్టారు. ఇక్కడ దిగాను చూడు!”

లోతులక్క పక్కనే ఉన్న సరంగు చెయ్యి గట్టిగా పట్టుకుంది. అతను ఆ ముసలామెకు వినపడేలా అన్నాడు.

“అమ్మా, ఈవిడ మా ఇంటావిడ. మీ ఓడకు చోటు చూపించింది ఈవిడే.”